చాలా ఏళ్ల తర్వాత పాపసంకీర్తనానికి (కన్ఫెషన్‌కు) వెళ్లడం ఎలా? (చెన్నైలో ఉన్న తెలుగు కతోలికుల కోసం)

చెన్నైలో స్థిరపడిన మనవాళ్లు పదే పదే అడిగే ప్రశ్నలు రెండు. ఒకటి: "యేసు దేవుడా, దేవుని కుమారుడా? రెండూ ఎలా అవుతాడు?" రెండోది: "పాపసంకీర్తనం చేసి ఏళ్లు గడిచిపోయాయి. ఇప్పుడు వెళ్తే ఫాదర్ ఏమంటారో, అసలు దేవుడు క్షమిస్తాడో లేదో?" పైకి చూస్తే మొదటిది పాఠం, రెండోది బాధ. నా లెక్కలో మాత్రం రెండూ ఒకటే ప్రశ్న. క్షమించేది ఎవరో తేలకపోతే క్షమాపణ మీద గురి కుదరదు. అందుకే ఇందులో సగం పని ఇంట్లో బైబిలు ముందు పెట్టుకుని చేసేది, మిగతా సగం గుడిలో చేసేది.

ఇది జ్ఞానస్నానం పొందిన కతోలికుల కోసం రాసింది. ఇతర సంఘాలవాళ్లు, ఇంకా జ్ఞానస్నానం తీసుకోనివాళ్లు మొదటి మూడు అంచెలూ నిరభ్యంతరంగా చేయొచ్చు, ఫాదర్‌తో కూర్చుని మాట్లాడొచ్చు. పాపవిమోచనం (ఫాదర్ ఇచ్చే క్షమాపణ) మాత్రం మామూలుగా వాళ్లకు ఇవ్వరు. అది అవమానం కాదు, ముందు జరగాల్సింది వేరే ఉందని అర్థం.

కావలసినవి

- కతోలిక బైబిలు (73 గ్రంథాలు ఉన్నది). లేకపోతే ఇంట్లో ఉన్న ఏ తెలుగు బైబిలైనా సరే, మనకు కావాల్సిన భాగాలు అన్నిట్లోనూ ఉంటాయి.
- ఆదివారం పూజలో చెప్పే విశ్వాస సంగ్రహం. జపాల పుస్తకంలో ఉంటుంది.
- ఒక చిన్న కాగితం, పెన్ను. ఫోన్‌లో రాసుకోవద్దు. ఎందుకో నాలుగో అంచెలో చెబుతాను.
- ఇంట్లో ఎవరూ పిలవని గంటన్నర.
- డబ్బు అక్కర్లేదు. పాపసంకీర్తనానికి రుసుము లేదు.

1. మార్కు 2:1-12 రెండుసార్లు చదవండి

కఫర్నాములో ఒక ఇల్లు. లోపల కాలు పెట్టే చోటు లేదు. పక్షవాతం వచ్చిన మనిషిని నలుగురు మోసుకొచ్చి, పైకప్పు విప్పి, పరుపుతో సహా కిందికి దించుతారు. అందరూ ఎదురుచూసేది స్వస్థత కోసం. యేసు మాత్రం ముందు అనే మాట, నీ పాపాలు క్షమించబడ్డాయి అని.

అక్కడ కూర్చున్న ధర్మశాస్త్ర బోధకులకు వెంటనే చురుక్కుమంటుంది: దేవుడొక్కడే తప్ప పాపాలు క్షమించగలవాడెవడు? వాళ్ల తర్కంలో తప్పేమీ లేదు. మీ పక్కింటాయన మీ చెయ్యి విరిస్తే క్షమించాల్సింది మీరు. మధ్యలో మూడో మనిషి వచ్చి "పర్వాలేదులే, నేను క్షమించాను" అంటే ఊరుకుంటారా? అలా అనే హక్కు ప్రతి పాపమూ ఎవరికి తగులుతుందో ఆయనకే, అంటే దేవునికే ఉంటుంది.

ఇక్కడ గమనించాల్సింది యేసు ఏం చేయలేదన్నది. "అయ్యో, నా మాటను అలా తీసుకోకండి" అని వెనక్కి తగ్గలేదు. ఆ అధికారం తనకుందని తెలియడానికే ఆ మనిషిని లేపి నడిపించాడు. రెండోసారి చదివేటప్పుడు ఇంకోటి కూడా చూడండి: ఆ రోగి ఒక్క మాటైనా మాట్లాడినట్టు మార్కు రాయలేదు. యేసు చూసింది వాళ్ల విశ్వాసాన్ని, అంటే మోసుకొచ్చినవాళ్లది కూడా. మిమ్మల్ని గుడికి వెళ్లమని పోరు పెడుతున్న అమ్మో భార్యో ఉంటే కోపం తెచ్చుకోకండి.

2. మీ మనసులో ఉన్న యేసు ఎవరో పరీక్షించుకోండి

ఎక్కువమంది దాటేసే అంచె ఇదే, కొంచెం నిదానంగా చేయండి. మత్తయి 16లో యేసు శిష్యులను ముందు జనం ఏమంటున్నారని అడిగి, తర్వాత మీరేమంటారని అడుగుతాడు. జనం మాట స్నాపక యోహాను, ఏలియా, యిర్మీయా దగ్గర ఆగిపోతే పేతురు ఒక అడుగు ముందుకేసి, నీవు సజీవ దేవుని కుమారుడవైన క్రీస్తువు అన్నాడు. మనలో చాలామంది నోటితో పేతురు జవాబు చెబుతాం కానీ మనసులో వేరే యేసును పెట్టుకుంటాం. తరచూ కనిపించే పొరపాట్లు ఇవి:

వేషం వేసుకున్న దేవుడు. మనిషిలా కనిపించాడు తప్ప నిజంగా మనిషి కాడని, పని ముగించుకుని ఆ రూపం విడిచి వెళ్లిపోయాడని అనుకోవడం. శ్రీసభ (కతోలిక చర్చి) నమ్మకం అది కాదు. ఆయనకు ఆకలి వేసింది, లాజరు సమాధి దగ్గర ఏడ్చాడు. పునరుత్థానం తర్వాత కూడా గాయాలున్న శరీరంతోనే కనిపించాడు. మనిషితనాన్ని ఆయన ఎప్పటికీ వదలలేదు.

పదోన్నతి పొందిన మంచి మనిషి. గొప్ప ప్రవక్త, దేవుడు మెచ్చి కుమారుడనే పేరిచ్చాడు అనుకోవడం. చదువుకున్నవాళ్లలో ఇది ఎక్కువ.

చిన్న దేవుడు. తండ్రి పెద్ద దేవుడు, కుమారుడు ఆయన కింద సృష్టించబడ్డ రెండో దేవుడు. 325లో నికేయా మహాసభ తోసిపుచ్చింది దీన్నే. విశ్వాస సంగ్రహంలో కుమారుడు సృష్టించబడలేదనీ తండ్రితో ఏకస్వభావం గలవాడనీ మనం చెప్పే భాగం అక్కడి నుంచి వచ్చిందే.

కోపిష్టి తండ్రి, అడ్డుపడే కొడుకు. పాపసంకీర్తనం దగ్గరకొచ్చేసరికి మనవాళ్లను ఎక్కువగా భయపెట్టేది ఇదేనని నా అభిప్రాయం. పరలోకంలో తండ్రి కర్ర పట్టుకుని నిలబడి ఉంటే యేసు మధ్యలో దూరి బతిమాలుతున్నట్టు ఊహించుకుంటాం. ఇంట్లో నాన్నకు భయపడి పెరిగినవాళ్లకు ఈ ఊహ ఇట్టే అతుక్కుపోతుంది. కానీ కుమారుణ్ని పంపింది తండ్రే. క్షమించాలన్న మనసు ఇద్దరిదీ ఒకటే. తప్పిపోయిన కుమారుని కథలో (లూకా 15) కొడుకు దారి పొడవునా ఒక మాట కట్టుకుని వస్తాడు: నేను పాపం చేశాను, నీ కొడుకునని చెప్పుకోవడానికి తగను, నన్ను నీ పనివాళ్లలో ఒకడిగా పెట్టుకో. 19వ వచనాన్ని 21వ వచనంతో పోల్చి చూడండి. ఆ చివరి ముక్క కొడుకు నోట రాకముందే తండ్రి బట్టలు తెమ్మని కేకేశాడు.

మీకు కుదిరిందో లేదో తెలుసుకోవడానికి మూడు ప్రశ్నలు. పుస్తకం మూసి జవాబు చెప్పండి.

- మరియమ్మను దేవుని తల్లి అనొచ్చా? అనొచ్చు. ఆమె కన్నది ఒక వ్యక్తిని, ఆ వ్యక్తి దేవుని కుమారుడు. 431లో ఎఫెసు మహాసభ తేల్చింది ఇదే. దైవత్వం ఆమె దగ్గర మొదలైందని దీని అర్థం కాదు. ఈ ప్రశ్న దగ్గర తడబడితే యేసు విషయంలోనే ఎక్కడో తడబడుతున్నారన్నమాట.
- సిలువ మీద చనిపోయింది ఎవరు? దేవుని కుమారుడే, తన మానవ స్వభావంలో. రెండు స్వభావాలు, వ్యక్తి ఒక్కడే. ఈ మాటను స్థిరపరిచింది 451 నాటి కాల్సెదోను మహాసభ.
- గెత్సెమనే తోటలో యేసు ప్రార్థించింది తనకు తానేనా? కాదు, తండ్రికి. తండ్రి వేరు, కుమారుడు వేరు, దేవుడు ఒక్కడే.

మూడోదానికి ఇంతకంటే వివరంగా చెప్పలేకపోతే కంగారు పడకండి. త్రిత్వాన్ని పూర్తిగా విప్పి చెప్పగలిగినవాళ్లు ఇప్పటివరకు లేరు. తప్పు జవాబు ఇవ్వకుండా ఉంటే చాలు.

3. యోహాను 20:19-29 చదవండి

"దేవుడొక్కడే క్షమిస్తాడని మీరే అన్నారు, మరి ఫాదర్ ఎందుకు?" అనే ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. ఉయిర్పు (ఈస్టర్) రోజు సాయంత్రం యేసు శిష్యుల మీద ఊది, పవిత్రాత్మను పొందమని చెప్పి, మీరు ఎవరి పాపాలు క్షమిస్తే అవి క్షమించబడతాయి, ఎవరివి క్షమించకపోతే అవి అలాగే నిలిచిపోతాయి అంటాడు. ఏది క్షమించాలో తెలియాలంటే వినాలి, వినాలంటే ఒకరు చెప్పాలి. పాపసంకీర్తనానికి మూలం అది. కుర్చీలో కూర్చున్న ఫాదర్ సొంతంగా క్షమించడం లేదు, క్రీస్తు అధికారంతో క్షమిస్తున్నారు. అందుకే ఆయన మంచి గురువా, కోపిష్టా, మీకంటే చిన్నవాడా అన్నదాన్ని బట్టి క్షమాపణ తగ్గదు, పెరగదు.

ఆ సాయంత్రం అక్కడ లేని శిష్యుడు తోమా. ఎనిమిది రోజుల తర్వాత యేసు మళ్లీ వచ్చినప్పుడు గాయాలు చూసి, నా ప్రభువా, నా దేవుడా అన్నాడు. యేసు ఎవరన్నదానికి సువార్తల్లో ఇంతకంటే సూటి జవాబు నాకు కనిపించలేదు. చెన్నైలో ఉన్నాం కనుక ఈ భాగం చదవడానికి మనకు మంచి చోట్లున్నాయి. ఆ తోమాయే ఇక్కడికొచ్చి పరంగిమలై కొండ మీద ప్రాణమిచ్చాడని, శాంతోం బసిలికా ఉన్న చోట సమాధి అయ్యాడని సంప్రదాయం. ఒక రోజు పొద్దున్నే ఆ కొండ (సెయింట్ థామస్ మౌంట్) ఎక్కి ఈ పదకొండు వచనాలు చదువుకుని రండి. ఎండ ముదిరాక వెళ్తే మెట్ల మీదే సగం భక్తి ఆవిరవుతుంది.

4. ఆత్మ పరిశోధన చేసుకోండి

కాగితం తీసుకోండి. పది ఆజ్ఞలను వరుసగా చూస్తూ పొట్టి గుర్తులు రాసుకోండి. పేర్లు రాయొద్దు. ఫోన్‌లో వద్దన్నది ఇందుకే: నోట్స్ యాప్‌లో రాసింది ఇంట్లో ట్యాబ్‌లో కూడా తెరుచుకుంటుంది.

చావైన పాపం కావాలంటే మూడూ ఉండాలి: విషయం గంభీరమైనదై ఉండాలి, అది గంభీరమని తెలిసి ఉండాలి, కావాలని చేసి ఉండాలి. గుర్తున్న చావైన పాపాలన్నీ చెప్పాలి, ఏ రకమో, సుమారు ఎన్నిసార్లో. "నెలకు రెండు మూడుసార్లు, అలా నాలుగేళ్లు" అంటే సరిపోతుంది. స్వల్ప పాపాలు చెప్పడం తప్పనిసరి కాదు, మంచిది.

"నేను ఎవరినీ చంపలేదు, దొంగతనం చేయలేదు" అని కాగితం ఖాళీగా వదిలేసేవాళ్ల కోసం కొన్ని ప్రశ్నలు. ఆఫీసులో దొంగ బిల్లులు పెట్టారా? పనమ్మాయి జీతంలో చిన్న సాకుతో కోత పెట్టారా? కట్నం అడిగారా, అడగకుండానే వచ్చేలా చూశారా? ఊళ్లో పొలం పంపకాల్లో అన్నదమ్ములను మోసం చేశారా, ఆ గొడవతో ఏళ్ల తరబడి మాటలు మానేశారా? కులం పేరు పెట్టి ఎవరినైనా గుమ్మం దగ్గరే ఆపారా, గుడిలో కూడా? ఫ్యామిలీ గ్రూపులో ఒకరి పరువు తీసే మెసేజ్ నిజమో కాదో తెలియకుండా పంపారా? ఆదివారం పూజ బద్ధకంతో మానేశారా? డ్యూటీ పడటం, ఒంట్లో బాగోలేకపోవడం వేరు.

హెచ్చరిక: ఇది గంటల తరబడి చేసేది కాదు. అరగంట చాలు. ఎంత తవ్వినా ఇంకా ఏదో మిగిలిందని టెన్షన్ పడే స్వభావం మీదైతే పావుగంటకు పెన్ను పెట్టేయండి, ఆ స్వభావం సంగతి ఫాదర్‌తో చెప్పండి.

కావాలని చేయించుకున్న గర్భస్రావానికి మామూలు ఫాదర్ దగ్గర క్షమాపణ దొరకదని, మేత్రాణుల (బిషప్పు) దాకా పోవాలని భయపడి ఏళ్ల తరబడి ఆగిపోయినవాళ్లున్నారు. 2016లో పోప్ ఫ్రాన్సిస్ ఆ అధికారాన్ని గురువులందరికీ ఇచ్చారు. మీ విచారణ (పారిష్) గురువుల దగ్గరే చెప్పొచ్చు.

గుడిలో పెళ్లి జరగకుండా కాపురం చేస్తున్నవాళ్లు, విడాకుల తర్వాత మళ్లీ పెళ్లాడినవాళ్లు శనివారం క్యూలో నిలబడకండి. ముందు ఫాదర్ దగ్గర సమయం తీసుకుని విడిగా మాట్లాడండి. ఆ విషయం ఐదు నిమిషాల్లో తేలేది కాదు.

5. ఎక్కడికి, ఏ భాషలో?

చాలా గుళ్లలో శనివారం సాయంత్రమో, పూజకు ముందో పాపసంకీర్తనం వింటారు. సమయాలు గుడిని బట్టి మారతాయి, ఒక ఫోన్ చేసి కనుక్కోండి. బోర్డు మీద తమిళంలో ఒప్పురవు అరుట్సాధనం అని ఉంటే అది ఇదే. నోటితో అడగాలంటే "ఫాదర్, పావసంగీర్తనం ఎప్పో?" అంటే చాలు. బీసెంట్ నగర్ వేళాంగణ్ణి మాత గుడికి తెలుగువాళ్లు బాగా వెళ్తారు కానీ సెప్టెంబరు 8 పండుగకు ముందు రోజుల్లో, పవిత్ర వారంలో రద్దీ విపరీతం. ఏళ్ల తర్వాత వెళ్తున్నవాళ్లకు అది సరైన సమయం కాదు. వారం మధ్యలో ఒక మామూలు రోజు చూసుకోండి.

భాష పెద్ద అడ్డంకి కాదు. "ఫాదర్, ఎనక్కు తమిళ్ సరియా వరాదు, ఇంగ్లీష్‌ల సొల్లలామా?" అని అడగండి. రెండూ రాకపోతే తెలుగు వచ్చిన ఫాదర్ ఎవరైనా ఉన్నారేమో విచారణ ఆఫీసులో అడగండి. ఆ అధికారం ఉన్న ఏ గురువు దగ్గరైనా చెప్పొచ్చు, మీ విచారణే కానక్కర్లేదు. సెలవులకు గుంటూరో నెల్లూరో వెళ్లినప్పుడు చేసుకోవడం ఇంకో దారి. అనువాదకుడి ద్వారా చెప్పడానికి కూడా శ్రీసభ చట్టం ఒప్పుకుంటుంది, ఆ అనువాదకుడు కూడా రహస్యం కాపాడాల్సిందే. కానీ మీ పిల్లల్ని ఆ పనికి పెట్టకండి.

ఫోన్‌లో, వీడియో కాల్‌లో, వాట్సాప్‌లో పాపసంకీర్తనం చెల్లదు. సలహా అడగొచ్చు, విమోచనం మాత్రం ఎదురుగా ఉంటేనే.

ముఖం చూపించడానికి సిగ్గుగా ఉంటే మధ్యలో అడ్డుగా ఉండే జాలీ తెర వెనక మోకరించండి. అది మీ హక్కు. ఫాదర్ విన్నది బయట చెప్పకూడదు. మీ భర్తకు, పోలీసులకు, కోర్టుకు, ఎవరికీ. చెప్తే ఆయన మీద పడే శిక్ష శ్రీసభ నుంచి వెలి.

6. లోపల ఏం చెప్పాలి?

సిలువ గుర్తు వేసుకోండి. తర్వాత ఇలా: "ఫాదర్, నన్ను ఆశీర్వదించండి. నేను పాపసంకీర్తనం చేసి సుమారు పన్నెండేళ్లయింది. పద్ధతి మర్చిపోయాను, కొంచెం సాయం చేయండి." ఈ చివరి మాట సగం భయం తీసేస్తుంది, మిగతాది ఆయనే నడిపిస్తారు.

కాగితం చూసి చెప్పండి. కథ వద్దు, పాపం చెప్పండి. "మా అత్తగారు అలా అన్నారు, అందుకని నేను" అంటూ మొదలుపెడితే అత్తగారి పాపసంకీర్తనం చేస్తున్నారన్నమాట. "అన్ని పాపాలూ చేశాను ఫాదర్" అనడం కూడా కుదరదు, అది దాటవేత. చివర్లో "ఇవీ, నాకు గుర్తురాని మిగతా పాపాలూ క్షమించమని దేవుణ్ని వేడుకుంటున్నాను" అనండి.

ఫాదర్ ప్రాయశ్చిత్తం చెబుతారు. అర్థం కాకపోతే, చేయలేనిదైతే అక్కడే చెప్పండి, మారుస్తారు. తర్వాత మనస్తాప జపం. కంఠతా రాకపోతే సొంత మాటల్లో చాలు: చేసినదానికి బాధపడుతున్నానని, మళ్లీ చేయకుండా ప్రయత్నిస్తానని. ఆ తర్వాత ఫాదర్ చెయ్యి చాచి చెప్పే విమోచన జపాన్ని జాగ్రత్తగా వినండి. అది కుమారుని మరణ పునరుత్థానాల ద్వారా లోకాన్ని తనతో సమాధానపరచుకున్న తండ్రితో మొదలై పిత, పుత్ర, పవిత్రాత్మ నామంతో ముగుస్తుంది. రెండో అంచెలో మీరు చదివిందంతా ఆ కొద్ది వాక్యాల్లోనే ఉంటుంది. ఆమెన్ అనండి.

7. బయటికొచ్చాక

ప్రాయశ్చిత్తం ఆ రోజే చేసేయండి. వాయిదా వేస్తే మర్చిపోతారు. కాగితం చింపి పారేయండి, పూజ పుస్తకంలో పెట్టి బెంచీ మీద వదిలేయకండి. ఎవరి డబ్బైనా తిన్నది ఉంటే తిరిగివ్వాలి, క్షమాపణ వచ్చిందని అప్పు మాఫీ కాదు. నేరుగా ఇస్తే గొడవవుతుందనుకుంటే ఏ దారిలో ఇవ్వాలో ఫాదర్‌ను అడగండి.

జరిగిందో లేదో ఎలా తెలుస్తుంది?

"ఏమీ అనిపించలేదు, క్షమించినట్టేనా?" అని చాలామంది అడుగుతారు. కొందరికి కన్నీళ్లొస్తాయి, కొందరికి ఆకలేస్తుంది. దానికీ దీనికీ సంబంధం లేదు. చూసుకోవాల్సినవి నాలుగే: గుర్తున్న చావైన పాపం ఏదీ కావాలని దాచలేదు కదా? నిజంగా మారాలన్న మనసుతోనే చెప్పారా? విమోచన జపం విన్నారా? ప్రాయశ్చిత్తం చేశారా, చేయబోతున్నారా? నాలుగూ అవునైతే అయిపోయింది.

ఇంటికొచ్చాక ఇంకో పాపం గుర్తొస్తే? మర్చిపోయినది కూడా క్షమించబడింది. అది చావైనదైతే ఈసారి వెళ్లినప్పుడు చెప్పండి, ఈలోపు దివ్యసత్ప్రసాదం (కమ్యూనియన్) తీసుకోవచ్చు. సిగ్గుపడి కావాలని దాచినదైతే ఆ పాపసంకీర్తనం చెల్లలేదు. మళ్లీ వెళ్లి, దాచిన సంగతితో సహా మొత్తం చెప్పండి.

అదే తప్పు మళ్లీ చేస్తే మళ్లీ వెళ్లండి. మళ్లీ పడిపోతానేమోనన్న భయం వేరు, మళ్లీ చేద్దామన్న ఆలోచన వేరు. మొదటిది ఉన్నా పాపసంకీర్తనం చెల్లుతుంది.

ఒకసారి చెప్పి విమోచనం పొందిన పాత పాపాన్నే ప్రతిసారీ మళ్లీ మోసుకెళ్లేవాళ్లు గురువును మార్చకుండా ఒక్కరి దగ్గరికే వెళ్తూ ఉండండి. "అది మళ్లీ చెప్పొద్దు" అని ఆయన అన్నారంటే చెప్పకండి. చావైన పాపాలుంటే ఏడాదికి ఒక్కసారైనా తప్పనిసరి అన్నది శ్రీసభ నియమం. ఇన్నేళ్ల తర్వాత మొదలుపెట్టినవాళ్లు రెండోసారికి అంత గడువు పెట్టుకోకుండా, నెలా రెండు నెలల్లో ఒక తేదీ చూసుకుని వెళ్లండి.